బొమ్మలు కాదు, పనులు: వసంతంలో పసివాళ్ల కాలక్షేపం

ఈ నెల అందిన ఉత్తరాలలో నాలుగింటిని ఒకచోట చేర్చాను. నాలుగూ సరిహద్దుకు అవతల, ఒడిశాలోని తెలుగు ఇళ్ల నుంచి వచ్చినవే. ఏడాది దాటి, మూడేళ్లు నిండీ నిండని పిల్లలను ఈ ఫాల్గుణ చైత్రాలలో పెద్దగా ఖర్చు లేకుండా ఎలా ఆడించాలన్నదే నాలుగింటిలోని ప్రశ్న.

ప్రశ్న: మా బాబుకు రెండేళ్ల నాలుగు నెలలు. మావారు చిన్న కిరాణా దుకాణం నడుపుతారు. చలికాలమంతా బాబును ఇంట్లోనే ఉంచడంతో ఫోను చూపించి అన్నం పెట్టడం అలవాటైపోయింది. ఇప్పుడు వాతావరణం బాగుంది కనుక బయట ఆడించాలని ఉంది. ప్లేస్కూలు ఫీజు మా శక్తికి మించినది. చెక్కబొమ్మల సెట్టు ఒకటి చూస్తే 1,800 రూపాయలు ఉంది. నెలకు 200 రూపాయలు దాటకుండా ఏమైనా చేయగలమా?
– ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: ఆ 200 రూపాయలలో ఒక మగ్గు, గోడలకు రంగు వేసే రెండంగుళాల కుంచె, పిడి ఉన్న చిన్న బుట్ట కొని, మిగిలిన డబ్బు ఇంటి ఖర్చులో కలుపుకోండి. హాస్యానికి చెప్పడం లేదమ్మా. ఈ వయసు పిల్లవాడికి బొమ్మ కంటే పని ఎక్కువ ఇష్టం. మనం చీపురు పట్టుకుంటే చీపురు, చేట పట్టుకుంటే చేట లాక్కుంటాడు. మనం దానిని అల్లరి అంటాం గానీ వాడికి చదువు అదే. వాడి చేతిలోని పనిని లాక్కుని, బదులుగా ఒక బొమ్మ ఇచ్చి, ఆ బొమ్మను వాడు విసిరేశాడని విసుక్కోవడంతోనే మన ఓపికలో సగం ఖర్చవుతుంది.

కుంచెతో మొదలుపెట్టండి. మగ్గులో సగానికి నీళ్లు పోసి, పెరటి గోడకు "రంగు" వేయమని చెప్పండి. తడి తగిలినచోట గోడ ముదురు రంగుకు తిరుగుతుంది. కాసేపటికి ఆరి మళ్లీ తెల్లబడుతుంది. వాడు మళ్లీ మొదటి నుంచి వేస్తాడు. ఈ రోజులలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి గోడ త్వరగా ఆరుతుంది, వానాకాలంలో ఈ ఆట సాగదు. మనకు విసుగు పుట్టించే ఈ పునరుక్తే వాడికి ఆనందం కనుక, పది నిమిషాలకొక కొత్త ఆట వెతకవలసిన అవసరం మీకు లేదు.

రెండవది మీ ఇరుగుపొరుగు నుంచి నేర్చుకోదగినది. మార్గశిర గురువారాలలో ఒడియా ఇళ్ల ముందు వేసే ఝోటిని మీరు చూసే ఉంటారు. నానబెట్టిన బియ్యాన్ని రుబ్బి, ఆ పిండినీళ్లలో వేళ్లు ముంచి, గుమ్మంలో లక్ష్మీదేవి పాదాలు, వరికంకులు దిద్దుతారు. మన ముగ్గు పొడిది. పసివాడి చేతికి ఇస్తే కళ్లలో, ముక్కులో పడుతుంది. పైగా బజారులో అమ్మే ముగ్గు చాలావరకు రాతిపొడి, నోట్లో పెట్టుకోదగినది కాదు. ఝోటి పిండి తడిగా ఉంటుంది, నాకినా బియ్యమే. దోసెల పిండి రుబ్బాక గ్రైండరు కడిగిన నీళ్లలో రెండు చెంచాల బియ్యప్పిండి కలిపినా సరిపోతుంది. అరుగు మీద వాడి అరచేతులు, పాదాలు అద్దించండి. తడిగా ఉన్నప్పుడు లీలగా ఉండే ముద్ర ఆరేకొద్దీ తెల్లగా తేలుతుంది. అలా తేలే క్షణం కోసం పిల్లలు నోరు తెరుచుకుని ఎదురుచూడడం నేను చాలాసార్లు చూశాను. రోజూ అలుక్కునే ఇల్లు కాకపోతే ఒక మూల మాత్రమే వాడికి కేటాయించండి, లేకపోతే మర్నాడు వాడు మీ దుకాణం గడప మీదా దిద్దుతాడు.

బుట్టతో చేసే పని మూడవది. ఈ రోజులలో బూరుగు చెట్ల కింద అరచేతంత ఎర్రటి పూలు, మందమైన రేకులతో, దండిగా రాలి ఉంటాయి. ఏరడం, బుట్ట నింపడం, ఇంటికి మోసుకురావడం, వాకిట్లో గుమ్మరించడం, మళ్లీ నింపడం: వాడికి ఇంతకు మించిన ఉద్యోగం లేదు. లేత బూరుగు మానుకు ముళ్లు ఉంటాయి కనుక చెట్టును తాకనీయకండి. ఉగాది దగ్గరపడి వేప పూసేసరికి పాత నూలుచీర ఒకటి చెట్టు కింద పరచి, రాలిన పువ్వును చిన్న చీపురుతో ఒకచోటికి ఊడ్పించండి. సగం దుమ్ముతో కలిపేస్తాడు, నిజమే. మిగిలిన సగం పచ్చడికి చాలు, అది "బాబు ఊడ్చిన పువ్వు" అని ఇంటిల్లిపాదీ చెప్పుకోవచ్చు.

ఫోను గురించి. ఒకటి, రెండేళ్ల వయసు పిల్లలు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు శరీరం కదిలేలా గడపాలని, రెండేళ్ల పిల్లలకు తెర ముందు గంటకు మించిన సమయం వద్దని, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఆ 180 నిమిషాలూ ఒక్కసారే కావాలని కాదు. మెట్లెక్కడం, బుట్ట మోయడం, గోడకు నీళ్లు పూయడం, దుకాణం దాకా నడవడం అన్నీ లెక్కలోకి వస్తాయి. అన్నం దగ్గర ఫోనును ఒక్కరోజులో మాన్పించాలని చూడకండి. ముందు ఉదయపు పూట మానండి. రెండు గంటలు పెరట్లో పనిచేసి వచ్చిన పిల్లవాడు ఆకలితో వస్తాడు, ఆకలిగా ఉన్నవాడికి ఫోను చూపించవలసిన అవసరం తక్కువ.

వారానికి ఒక సాయంత్రం వాడిని రైలు చూడడానికి తీసుకువెళ్లండి. 1900లో పర్లాకిమిడి రాజావారి చొరవతో నౌపడా నుంచి మీ ఊరికి వచ్చిన చిన్న రైలుమార్గం తరువాత గుణుపురం దాకా సాగి, ఇప్పుడు పెద్ద గేజీ అయింది. రోజుకు వచ్చేవి కొద్ది బళ్లే కనుక సమయం కనుక్కుని వెళ్లండి. స్టేషను బయట కంచె దగ్గర నిలబడి చూడడానికి డబ్బు అక్కరలేదు.

ప్రశ్న: మా అమ్మాయి ఉద్యోగానికి వెళ్తుంది. పద్దెనిమిది నెలల మనవరాలిని నేనే చూసుకుంటాను. దొరికిన ప్రతిదీ నోట్లో పెట్టుకుంటుంది. ఇప్పుడు మా ఇంట్లో కొత్త చింతపండు ఒలుపు నడుస్తోంది. పక్కన కూర్చోబెట్టుకుంటే కాలక్షేపం అవుతుందనుకుంటున్నాను. పాత వామనగుంటల పీట కూడా ఉంది, దాంతో ఆడించవచ్చా?
– ఒక అమ్మమ్మ, గుణుపురం

జవాబు: అమ్మా, పక్కన కూర్చోబెట్టుకోవాలన్న మీ ఆలోచన మంచిది, చింతపండు దగ్గర మాత్రం వద్దు. చింతపిక్క నున్నగా జారి గొంతుకు అడ్డం పడే పరిమాణంలోనే ఉంటుంది. పెంకు పగిలి సూదిమొనలా నిలుస్తుంది. ఒలుపు ఆమె నిద్రపోయే వేళకు పెట్టుకోండి. మూడేళ్ల లోపు పిల్లల చేతికి అంగుళంపావు కంటే తక్కువ వెడల్పు ఉన్న వస్తువేదీ ఇవ్వకూడదన్న కొలతను గుర్తుపెట్టుకుంటే గవ్వలు, బొత్తాలు, వేరుశనగపప్పు, శనగలు అన్నీ వాటంతటవే దూరమవుతాయి.

వామనగుంటల పీటతో పాటు గురివింద గింజల డబ్బా ఏదైనా ఉంటే దానిని ఈరోజే తీసి పైన పెట్టండి. పాత ఇళ్లలో ఆ ఆటకు గురివిందలు వాడేవారు. చూడడానికి అంత ముచ్చటైన గింజ నమిలితే ప్రాణం తీసేంత విషం. ఆముదపు గింజ, పచ్చగన్నేరు కాయ, ఉమ్మెత్త కాయ కూడా అంతే. మీ వైపు కొండవాలు తోటలలో ఇప్పుడు జీడిగింజలు రాలే కాలం; పచ్చి జీడిగింజ పెంకులోని నూనె పెదవులకు, చర్మానికి అంటితే బొబ్బలెక్కుతుంది. నడకకు తీసుకువెళ్లినప్పుడు చేతిలో ఏముందో చూస్తూ ఉండండి.

ఆట మాత్రం అదే ఆడించండి, గింజలు మార్చి. ఏడు గుంటల చొప్పున రెండు వరుసలు అక్కరలేదు. పెరటి మట్టిలో పిడికిలి పట్టే గుంటలు నాలుగు తీసి, పెద్ద నిమ్మకాయలో లేత మామిడికాయలో ఇచ్చి, గుంటకు ఒకటి చొప్పున వేయమనండి. కాగితపు గుడ్ల అట్ట దొరికితే ఇంట్లోనూ అదే ఆట. గెలుపోటములు, లెక్కలు ఈ వయసుకు లేవు, వేయడం, తీయడం, మీరు "ఒకటి... రెండు..." అంటుంటే మీ నోటి వంక చూడడం, అంతే. నున్నగా గీకిన కొబ్బరిచిప్పలు, స్టీలు గిన్నెలు, బంగాళాదుంపలు కూడా మంచి సామానే. గోధుమపిండి ముద్ద చేసి ఇవ్వాలనుకుంటే నిలవ ఉండడానికి ఉప్పు దట్టించవద్దు, తింటే ప్రమాదం. ఉప్పులేని ముద్ద చేసి సాయంత్రానికి పారేయండి.

నీళ్లాటకు బకెట్టు కాకుండా వెడల్పు పళ్లెం పెట్టండి, ఆట అయిపోగానే నీళ్లు మొక్కలకు పోయండి. బకెట్టు అడుగున రెండంగుళాల నీళ్లున్నా తలకిందులుగా పడిన పసిపిల్ల లేవలేదు. ఒకవేళ ఏదైనా గొంతుకు అడ్డంపడి దగ్గలేక, ఏడవలేక పోతుంటే నోట్లో వేలు పెట్టి వెతకవద్దు, లోపలికి నెట్టినట్టవుతుంది. ముందుకు వంచి, రెండు రెక్కల మధ్య వీపు మీద అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా చరచండి. రాకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు పైన లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కండి. ఇవి మార్చి మార్చి చేస్తూ, పక్కవారిచేత 108కి ఫోను చేయించండి.

ప్రశ్న: బరంపురంలో మూడో అంతస్తులో ఉంటాం, పెరడు లేదు. మూడేళ్ల పాపకు హోలీ రంగులు కొనాలంటే భయం. ఇంకో సందేహం: పక్కింటి ఒడియా పిల్లలతో ఆడి మాటలు కలిపేస్తోంది. దాని తెలుగు పాడవుతుందా?
– ఒక తల్లి

జవాబు: పాడవదు. ఇంట్లో మీరు నిండైన తెలుగు మాట్లాడుతూ ఉంటే చాలు. ఏ మాట ఎవరితో అనాలో పిల్లలు తామే విడదీసుకుంటారు. మనకు చందమామ ఎలాగో వారికి జహ్నమాము అలాగే, చంద్రుడు రెండు భాషలలోనూ మేనమామే. వెన్నెల రాత్రి బాల్కనీలో నిలబడి రెండు పేర్లతోనూ పిలవమనండి.

రంగుకు మోదుగపూలు శ్రేష్ఠం. కొండ ఊళ్ల నుంచి వచ్చే బంధువులెవరినైనా తెమ్మనండి. రేకులను నీళ్లలో మరిగించి, రాత్రంతా ఉంచి వడకడితే నారింజ కలిసిన పసుపు దిగుతుంది; ఆ రోజే వాడేయాలి. దొరకకపోతే బీటుదుంప రసం, పసుపునీళ్లు. పసుపులో సున్నం కలిపితే ఎరుపు వస్తుందని ఎవరైనా చెబుతారు, వస్తుంది కూడా, కానీ సున్నం పిల్లల కళ్లకు ప్రమాదం. డోలపూర్ణిమనాడు వీధిలోకి వచ్చే రాధాకృష్ణుల విమానాలను, అంటే భుజాల మీద మోసే పల్లకీలను, పైనుంచి చూపించండి, గుంపులోకి దింపనవసరం లేదు.

పెరడు లేని ఇంటికి నాకు నచ్చిన ఆట ఒకటుంది. ఏప్రిల్ నడుమ వచ్చే విషువ సంక్రాంతికి ఒడియావారు తులసి మీద చిన్న కుండ వేలాడదీసి, అడుగున రంధ్రం నుంచి బొట్టుబొట్టుగా నీళ్లు పడేలా చేస్తారు. మీరు దానిని ఇప్పుడే కట్టుకోవచ్చు. రోజూ కుండ నింపడం పాప పని. బాల్కనీ కటకటాల దగ్గర ఎక్కడానికి పీట, కుర్చీ లేకుండా చూసుకోండి. సెలవు రోజున గోపాలపురం సముద్రతీరపు ఇసుకకు బస్సులో వెళ్లి రావచ్చు, కానీ అక్కడి అలలు లాగేస్తాయి. పొడి ఇసుకలోనే ఆట.

ప్రశ్న: నేను ఇంటికి చేరేది సాయంత్రం ఐదున్నరకు. రెండున్నరేళ్ల మా వాడితో తండ్రిగా ఏం ఆడగలను?
– ఒక తండ్రి, రాయగడ

జవాబు: కొబ్బరాకు ఒకటి తెచ్చుకోండి. చీలికను శంఖంలా చుట్టి బూర చేయండి. నాలుగు చీలికలు అల్లి గాలిమర చేయండి. చిన్నప్పుడు మనం తుమ్మముల్లు గుచ్చేవాళ్లం. ఇప్పుడు చీపురుపుల్ల గుచ్చి, మొన విరిచేయండి. గాలిమర మీ చేతిలోనే ఉంచుకుని వాడిని గాలికి ఎదురుగా పరుగెత్తించండి, పుల్ల పట్టుకుని వాడు పరుగెత్తకూడదు. చైత్రం చివర ముంజలు వచ్చాక, ముంజలు తీసేసిన రెండు తాటికాయల మధ్య పుల్ల గుచ్చి, పంగలకర్రతో తోసే బండి కట్టండి. ఇరుసు కొసలు బయటికి పొడుచుకు రాకుండా కోయండి. మొదటి రోజు బండి మీరే తోస్తారు, వాడు వెనక పరుగెత్తుతాడు. రెండో రోజు మీ చేతికి రాదు.