పాత ఆటల హ్యాండ్‌హెల్డ్ కొనబోయే మేనల్లుడికి

చిరంజీవి కార్తీక్‌కు మామయ్య ఆశీస్సులు.

పాత వీడియో గేమ్‌లు ఆడుకోవడానికి హ్యాండ్‌హెల్డ్ కన్సోల్ (చేతిలో పట్టుకుని ఆడే చిన్న ఆటయంత్రం) ఒకటి కొనాలనుకుంటున్నానని, ఏది మంచిదో చెప్పమని అడిగావు. నీవు పంపిన జాబితాలో అరవై డాలర్ల మియూ మినీ ప్లస్ నుంచి రెండు వందల డాలర్ల రిట్రాయిడ్ పాకెట్ 5 దాకా అన్నీ ఉన్నాయి కాని, ఏ ఆటలు ఆడాలనుకుంటున్నావో ఒక్క మాట కూడా లేదు. ముందుగా తేల్చుకోవలసింది అదే. నిజంగా కూర్చుని ఆడాలనుకునే పదిపన్నెండు ఆటల పేర్లు, ప్రతి పేరు పక్కనే ఆ ఆట ఏ కన్సోల్ కోసం వచ్చిందో, ఒక కాగితం మీద రాసుకో. కొనవలసిన యంత్రం ఆ కాగితంలోనే కనిపిస్తుంది.

ఈ యంత్రాలు పాత ఆటలను ఎమ్యులేటర్ సాయంతో నడుపుతాయి. ఎమ్యులేటర్ అనేది పాత కన్సోల్‌లోని ప్రాసెసర్, వీడియో, ధ్వని భాగాలు చేసే పనిని సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే ప్రోగ్రామ్. ఆ అనుకరణకు అసలు కన్సోల్ కంటే ఎన్నో రెట్లు వేగం గల చిప్ కావాలి. 1983 నాటి ఫామికామ్ (మన ఊళ్లలో టీవీకి తగిలించి ఆడిన వీడియో గేమ్‌లు చాలావరకు దానికి నకళ్లే), 1989 నాటి గేమ్ బాయ్, 1990 నాటి సూపర్ నింటెండో వంటివి ఈనాటి అతి చవక చిప్ మీద కూడా దాదాపు అన్నీ నడుస్తాయి. అయితే కన్సోల్ ఎంత పాతదైతే అనుకరణ అంత తేలిక అనుకోవద్దు. సెగా సాటర్న్, మొదటి ప్లేస్టేషన్ రెండూ జపాన్‌లో 1994 చివర్లో కొద్దిరోజుల తేడాతో విడుదలయ్యాయి. ప్లేస్టేషన్ ఆటలు మియూ మినీ ప్లస్‌లోని రెండు కోర్ల, 128 మెగాబైట్ల మెమరీ గల చిన్న చిప్ మీద కూడా చక్కగా నడుస్తాయి. సాటర్న్‌లో మాత్రం రెండు ప్రధాన ప్రాసెసర్లు, రెండు వీడియో ప్రాసెసర్లు ఒకదానితో ఒకటి సమయం తప్పకుండా పనిచేయాలి కనుక, దాన్ని అనుకరించడం ఈనాటికీ చవక యంత్రాలకు భారమే. ప్లేస్టేషన్ 2 సంగతి మరీ కష్టం. దానికి స్నాప్‌డ్రాగన్ 865 స్థాయి చిప్ కావాలి, అంటే రిట్రాయిడ్ పాకెట్ 5 వంటిది. అప్పటికీ కొన్ని ఆటలకు ఒక్కొక్కదానికి సెట్టింగులు మార్చుకుంటూ కూర్చోవలసి వస్తుంది.

కాబట్టి నీ కాగితంలో మొదటి ప్లేస్టేషన్‌ను దాటిన ఆటలు ఒకటో రెండో ఉంటే, వాటి కోసం మూడు రెట్లు ఖర్చు పెట్టవద్దని నా అభిప్రాయం. అమ్మేవారి ప్రకటనల్లో 'పీఎస్‌పీ (సోనీ వారి చేతి కన్సోల్) నడుస్తుంది', 'నింటెండో 64 నడుస్తుంది' అన్న మాటలను అలాగే నమ్మకు. ఆన్‌బర్నిక్ ఆర్‌జీ35ఎక్స్ఎక్స్ హెచ్ వంటి ఆల్‌విన్నర్ హెచ్700 చిప్ యంత్రాల మీద పీఎస్‌పీలోని తేలిక ఆటలు ఆడవచ్చు గాని, బరువైన ఆటలు నత్తనడక నడుస్తాయి. నీవు కోరుకున్న ఆట పేరే పెట్టి, అదే యంత్రం మీద ఎవరైనా ఆడిన వీడియో వెతికి చూడు.

చిప్ తర్వాత చూడవలసింది స్క్రీన్. దీన్ని చాలామంది అంగుళాల్లోనే కొలుస్తారు కాని, వెడల్పు-ఎత్తుల నిష్పత్తి అంతకంటే ముఖ్యం. పాత టీవీ కన్సోళ్ల చిత్రం 4:3 నిష్పత్తిలో ఉంటుంది. ప్లేస్టేషన్ ఆటలు ఎక్కువగా వాడిన 320×240 చుక్కల (పిక్సెళ్ల) చిత్రం 640×480 స్క్రీన్ మీద సరిగ్గా రెట్టింపై, ఒక్కొక్క చుక్క నాలుగు చుక్కలుగా, ఎక్కడా మసక లేకుండా పరచుకుంటుంది. గేమ్ బాయ్ అడ్వాన్స్ చిత్రం 240×160, అంటే 3:2. అదే 640×480 స్క్రీన్ మీద దాన్ని వెడల్పంతా నింపితే పైనా కిందా నల్లపట్టీలు మిగలడమే కాక, లెక్క పూర్ణసంఖ్యలో కుదరదు కనుక చుక్కలు కొన్ని లావుగా, కొన్ని సన్నగా కనిపిస్తాయి. నీ ఆటలు ముఖ్యంగా అడ్వాన్స్‌వే అయితే 720×480 స్క్రీన్ ఉన్న ఆన్‌బర్నిక్ ఆర్‌జీ34ఎక్స్ఎక్స్ చూడు, అందులో చిత్రం సరిగ్గా మూడు రెట్లవుతుంది. పీఎస్‌పీ స్క్రీన్ 480×272 కాబట్టి దానికి వెడల్పాటి స్క్రీన్ కావాలి. అన్నిటికీ సరిపోయే స్క్రీన్ లేదు కనుక నీవు ఎక్కువగా ఆడబోయేదాన్ని బట్టి ఎంచుకో.

నిలువు ఆకారపు యంత్రాలు జేబులో ముచ్చటగా ఇముడుతాయి. అయితే నీవి పెద్ద చేతులు, మీ నాన్నగారి పోలిక. నిలువు యంత్రంలో వెనుకనున్న ఎల్, ఆర్ బటన్లు నొక్కుతూ గంటసేపు ఆడితే నీ వేళ్లు ముడుచుకుపోయి నొప్పి పుడతాయి. గేమ్ బాయ్‌కు ఆ బటన్లు అక్కరలేదు, ప్లేస్టేషన్‌కు తప్పవు. అనలాగ్ స్టిక్ (బొటనవేలితో ఎటైనా వంచగలిగే చిన్న పుల్ల) అవసరమా అన్నదీ ఆటలే చెబుతాయి. అటువంటి స్టిక్కులున్న సోనీ డ్యుయల్‌షాక్ కంట్రోలర్ 1997లో వచ్చింది, అంతకు ముందటి ప్లేస్టేషన్ ఆటలు దాదాపు అన్నీ డీ-ప్యాడ్‌తోనే (నాలుగు దిక్కుల ప్లస్ ఆకారపు బటన్‌తోనే) ఆడేందుకు తయారైనవి. ఫైటింగ్ ఆటల మీద మనసుంటే డీ-ప్యాడ్ నాణ్యతను అన్నిటికంటే పైన పెట్టుకో.

డబ్బు పెట్టే ముందు ఒక పని చేయి. నీ ఫోన్‌లో రెట్రోఆర్క్ అనే ఎమ్యులేటర్ యాప్ వేసుకో. ఉచితంగానే దొరుకుతుంది. 2024 ఏప్రిల్‌లో ఆపిల్ కూడా ఇటువంటి ఎమ్యులేటర్లను తన స్టోర్‌లోకి అనుమతించింది. టచ్‌స్క్రీన్ మీద ఆట అంత సుఖంగా ఉండదు గాని, ఆ ఆటల మీద నీకున్నది నిజమైన ఇష్టమా, చిన్ననాటి జ్ఞాపకం మీది మమకారమా అన్నది కొద్దిరోజుల్లోనే తెలిసిపోతుంది. ఇష్టం నిలబడితే హ్యాండ్‌హెల్డ్ కొనుక్కో. ఆండ్రాయిడ్ ఉన్నదాని కంటే లైనక్స్ మీద నడిచేది నీకు నయమంటాను. మియూ మినీ ప్లస్‌కు అభిమానులు తయారుచేసిన ఆనియన్ ఓఎస్ అనే సిస్టమ్ సాఫ్ట్‌వేర్ వేసుకుంటే, బటన్ నొక్కి ఆపినప్పుడు ఆట ఎక్కడ ఉందో దాచుకుని, మళ్లీ తెరవగానే అక్కడినుంచే మొదలుపెడుతుంది. మియాపూర్ నుంచి ఆఫీసుకు మెట్రోలో వెళ్లే నీకు ఇంతకంటే పనికొచ్చే సదుపాయం లేదు.

ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే '400 ఆటలు' అని పెట్టె మీద రాసి అమ్మే బొమ్మలుంటాయి. వాటిలో ఉండేది ఫామికామ్ నకలు చిప్ మాత్రమే. అందులో కొత్త ఆట వేసుకోలేవు, ఆడిన ఆటను దాచుకోలేవు. వాటి జోలికి పోవద్దు.

ఇక ఆటల ఫైళ్ల విషయం. యంత్రంతో పాటు వేల ఆటలు నింపిన మెమరీ కార్డు వస్తుంది కదా అని సంబరపడకు. ఎమ్యులేటర్ తయారుచేయడం తప్పు కాదు. ప్లేస్టేషన్ ఎమ్యులేటర్ అమ్మిన కనెక్టిక్స్ మీద సోనీ వేసిన దావాలో అమెరికా అప్పీలు కోర్టు 2000లో కనెక్టిక్స్ పక్షమే తీర్పిచ్చింది. కాని హక్కుదారుల అనుమతి లేకుండా వేల ఆటలు నింపి అమ్మడం వేరే సంగతి. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, న్యాయంగా తన దగ్గరున్న ప్రోగ్రామ్ పాడైపోకుండా ఒక నకలు తీసి ఉంచుకోవడానికి వీలిస్తుంది. సక్రమంగా కొన్న ప్లేస్టేషన్ డిస్కు ఉంటే కంప్యూటర్‌లోని మామూలు డీవీడీ డ్రైవ్‌తోనే ఫైలు తీసుకోవచ్చు. మన బజార్లలో ఆ రోజుల్లో అమ్మినవి చాలావరకు నకలు డిస్కులేనని, వాటికి ఈ వెసులుబాటు వర్తించదని గుర్తుంచుకో. ఇవి కాక, ఈనాటికీ గేమ్ బాయ్ కోసం కొత్తగా ఆటలు తయారుచేసి ఇచ్.ఐఓ అనే వెబ్‌సైటులో ఉచితంగానో కొద్ది ధరకో ఇచ్చేవారున్నారు. వాటిలో కొన్ని నిజంగా బాగుంటాయి.

యంత్రంతో వచ్చే కార్డు నాసిరకం కావడం మామూలే. అది చెడిపోయి ఆటలన్నీ పోగొట్టుకున్నవారు నా రిపేరు దుకాణానికి వస్తూనే ఉంటారు. పేరున్న కంపెనీ కార్డు నమ్మకమైన చోట కొని, పాత కార్డులోని సిస్టమ్ ఫైళ్లను మొదటి రోజే కంప్యూటర్‌లోకి కాపీ చేసి ఉంచు. ఆటలో ఉండే సేవ్ సదుపాయాన్ని వాడటం మానవద్దు. ఎమ్యులేటర్ తీసుకునే సేవ్ స్టేట్ (ఆ క్షణంలో ఆట ఉన్న స్థితికి నకలు) ఆ ఎమ్యులేటర్ వెర్షన్‌కే ముడిపడి ఉంటుంది కాబట్టి, సాఫ్ట్‌వేర్ మారితే తెరుచుకోకపోవచ్చు. ఆట స్వయంగా రాసుకున్న సేవ్ ఫైలును సాధారణంగా మరో యంత్రంలోకి కూడా తీసుకుపోవచ్చు.

కొనే చోటు గురించి కూడా రాయాలి. ఇవి చాలావరకు చైనా నుంచే వస్తాయి. అలీఎక్స్‌ప్రెస్‌ను మన ప్రభుత్వం 2020 నవంబరులో నిషేధించింది కాబట్టి తయారీదారు సొంత వెబ్‌సైటు నుంచి తెప్పించుకోవాలి, లేదా ఇక్కడ దిగుమతి చేసి అమ్మేవారి దగ్గర కాస్త ఎక్కువ పెట్టి కొనాలి. తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం, కొరియర్ వారి రుసుము కలుస్తాయి, కేవైసీ పత్రాలు అడుగుతారు. బహుమతి అని రాయిస్తే సుంకం ఉండదని ఎవరైనా చెబితే వినకు, 5,000 రూపాయల లోపు బహుమతులకున్న ఆ మినహాయింపును 2019 డిసెంబరులోనే ఎత్తివేశారు. సుంకంతో కలిపి లెక్కవేస్తే ఇక్కడి ధరకు పెద్ద తేడా లేకపోతే ఇక్కడే కొను. బటన్ ఇరుక్కున్నా, స్క్రీన్‌లో చుక్క చచ్చిపోయినా తిరిగి ఇవ్వడానికి ఒక మనిషి ఉంటాడు.

నీ అవసరానికి ఆర్‌జీ35ఎక్స్ఎక్స్ హెచ్ సరిపోతుందని నాకు అనిపిస్తోంది. అడ్డంగా పట్టుకునే ఆకారం, 640×480 స్క్రీన్, రెండు కార్డు స్లాట్లు, టీవీకి తగిలించడానికి హెచ్‌డీఎంఐ అన్నీ ఉన్నాయి. జేబులో పట్టడమే ముఖ్యమనుకుంటే మియూ మినీ ప్లస్ తీసుకో. ఏది వచ్చినా పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయి, ప్రతి బటన్ నొక్కి చూడు, తెల్లటి చిత్రం పెట్టి స్క్రీన్ పరీక్షించు. చార్జింగ్‌కు నీ ల్యాప్‌టాప్ చార్జరు వాడవద్దు. ఈ చవక యంత్రాల్లో కొన్ని సీ-నుంచి-సీ (రెండు కొసలా యూఎస్‌బీ-సీ ఉన్న) కేబుల్‌తో అసలు చార్జ్ కావు. 5 వోల్టుల మామూలు అడాప్టరు, ఏ-నుంచి-సీ కేబుల్ చాలు.

కాగితం మీద ఆటల పేర్లు రాసుకున్నాక నాకు పంపు, ఆర్డరు పెట్టే ముందు ఒకసారి చూస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య