పేరు మార్చితే సరిపోదు చిన్నీ

చిన్నీ,

డిగ్రీ ఆఖరి ఏడాది ప్రాజెక్టుకి కర్ణాటక, తమిళనాడుల కావేరి నీళ్ల గొడవ తీసుకున్నావనీ, 1991 అల్లర్లు చూసినవాళ్లతో మాట్లాడడానికి బెంగళూరు వస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. మన ఇంటి పిల్ల ఇలాంటి పనికి పూనుకుందని ఎంత సంతోషమేసిందో. వెంటనే గుండెల్లో దడ కూడా పట్టుకుంది. ఈ పేటల్లో సర్వేలు చేస్తూ ముసలిదాన్నయ్యాను, ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా" అని వదిలేస్తావు. అందుకే రాస్తున్నా.

1892, 1924 ఒప్పందాలు, నీళ్ల పంపకం తేల్చడానికి 1990లో వేసిన ట్రిబ్యునల్, 2007 తీర్పు, సరిహద్దులోని బిళిగుండ్లు దగ్గర కర్ణాటక తమిళనాడుకు ఏటా 177.25 టీఎంసీలు వదలాలన్న 2018 సుప్రీంకోర్టు తీర్పు, ఇవన్నీ లైబ్రరీలో దొరుకుతాయి. కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకో. అంగీకార పత్రం అవతలివాళ్ల భాషలో ఉండాలి. రికార్డర్ నొక్కేముందు అడుగు.

నా టెన్షన్ వేరే. 1991 జూన్‌లో ట్రిబ్యునల్ తమిళనాడుకు ఏటా 205 టీఎంసీలు ఇవ్వమని కర్ణాటకకు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. డిసెంబరులో కేంద్రం దాన్ని గెజెట్‌లో వేసింది. ఆ వెంటనే ఇక్కడ తమిళుల ఇళ్ల మీద, దుకాణాల మీద పడ్డారు. మా వీధిలో ఒక తమిళ టైలరు ఉండేవాడు. గుంపు వస్తోందని తెలిసి పక్కింటి కన్నడాయన అతని కుట్టుమిషన్లు రెండూ తన వంటింట్లోకి మోయించి, పైన బియ్యం గోతాలు కప్పాడు. టైలరు పిల్లలు ఆ ఇంట్లోనే పడుకున్నారు. షాపు తగలబడింది, మిషన్లు దక్కాయి. వంటింటి గచ్చు మీద మిషను నూనె మరక చాలాకాలం పోలేదు, ఆయన భార్య నాకు చూపించింది కూడా. టైలరు వాళ్ల వరండాలోనే కూర్చుని మళ్లీ కుట్టడం మొదలుపెట్టాడు.

తర్వాత ఒక సంస్థ నుంచి కొందరు వచ్చారు. మంచి పిల్లలే, ఈ సంగతి విని పొంగిపోయారు. రిపోర్టులో పేర్లు మార్చారు. కానీ "పిండిమర పక్క టైలరు", "ఆ పక్కింటి బస్సు డ్రైవరు" అని రాశారు. మా పేట మొత్తానికి పిండిమర ఒక్కటే! అది ఎవరో చదివారు, ఇంకెవరికో చెప్పారు. కుర్రాళ్లు డ్రైవరు ఇంటి ముందు నిలబడి "మనవాడివై ఉండి వాళ్లని దాస్తావా" అని నిలదీశారు. ఆయన భార్య కుళాయి దగ్గరికి రావడం మానేసింది. తనవల్లే కదా ఇదంతా అని టైలరు కుమిలిపోయాడు. ఎవరూ పొమ్మనలేదు, అతనే సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. గుంపు చేయలేని పని ఆ నాలుగు లైన్లు చేశాయి.

దెబ్బతిన్నవాళ్లు నీకు ఎలాగూ కనిపిస్తారు. అవతలివాళ్లకు సాయపడినవాళ్ల గురించి ఎవరూ ఆలోచించరు, వాళ్లని నిలదీసేది సొంతవాళ్లే. వృత్తి, వీధి, ఎంతమంది పిల్లలు, ఏ గుడి పక్కన, ఇవి కలిపితే మనిషి దొరికిపోతాడు. నువ్వు రాసిన పేజీ ఆ వీధివాడు చదివితే పోల్చుకుంటాడా లేదా చూసుకో. పోల్చుకునేలా ఉంటే, ఎంత మంచి ముక్కయినా కొట్టెయ్. పేర్ల కాగితం ఒకచోట, నోట్సు మరోచోట. 2016 సెప్టెంబరులో మళ్లీ బస్సులు తగలబడిన ఊరిది. వాళ్లతో సెల్ఫీలు దిగి స్టేటస్ పెట్టావో, చెవులు మెలిపెడతా.

ఇంకోటి. "మేం తెలుగువాళ్లం, మాకు పక్షం లేదు" అని గొప్పగా చెప్పకు. కృష్ణా నీళ్ల మాట రాగానే మీ గుంటూరు నాన్న, నల్లగొండ మామయ్య కంచాల ముందే ఎలా అరుచుకుంటారో నీకు తెలియంది కాదు. కర్ణాటకలో మండ్య రైతు కోపం ఆ కోపమే, తమిళనాడులో తంజావూరు రైతుదీ అదే.

కొట్లాట మీదే ఉండిపోకు తల్లీ. 2003లో రెండు రాష్ట్రాల రైతులు "కావేరి కుటుంబం" అని ఒకటి పెట్టుకుని ఎదురెదురుగా కూర్చున్నారు, ఒకరి పొలాలు ఒకరు చూసొచ్చారు. దానికి పూనుకున్నది మీ చెన్నైలోనే, అడయారులో ఉన్న మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్. నీటి పంపకం వాళ్లూ తేల్చలేకపోయారు. అయినా కరువేడాది కష్టం ఎలా పంచుకోవాలని రైతులే మాట్లాడుకోవడం చిన్న సంగతి కాదు. ముందు అక్కడికి వెళ్లు.

మండ్య ఎప్పుడు వెళ్తావో ముందే చెప్పు. ఒక్కదానివే వద్దు. నాకు కన్నడ వచ్చు, నేనూ వస్తా, నోరెత్తకుండా పక్కన కూర్చుంటా. చీకటి పడేలోగా తిరుగు రైలెక్కాలి. హాస్టల్ తిండికి చిక్కిపోయావట, వచ్చినప్పుడు నాలుగు రోజులు ఎక్కువ ఉండేలా సెలవు పెట్టుకుని రా.

మీ పెద్దమ్మ