పెన్ డ్రైవ్ పాటలు వస్తాయి, ఆన్‌లైన్ పాటలు రావు: గడువు దాటకముందే ఏం నిరూపించాలి?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. 2023 నవంబరు 10న హైదరాబాదులోని ఒక దుకాణంలో రూ. 21,500 పెట్టి వైఫై మ్యూజిక్ ప్లేయర్ కొన్నాను. మంచం పట్టిన మా నాన్నగారికి అన్నమయ్య కీర్తనలు, భాగవత ప్రవచనాలు ఆన్‌లైన్‌లో వినిపించాలని నా ఆశ. పెట్టె మీద ‘ఆన్‌లైన్ ఆడియో, ఇంటర్నెట్ రేడియో’ అని ఉంది. పెన్ డ్రైవ్‌లోని పాటలు చక్కగా వస్తాయి. ఆన్‌లైన్ ఫైలు ఏది పెట్టినా చక్రం తిరిగి తిరిగి ఆగిపోతుంది. మొదటి రోజు నుంచీ ఇదే తంతు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తెర మీద 1970 జనవరి 1, ఉదయం 5:30 అని కనిపిస్తుంది. 2024 జనవరిలో ఒకసారి, మే నెలలో మరోసారి సర్వీస్ సెంటరుకు తీసుకెళితే ‘పరీక్షించాం, పనిచేస్తోంది’ అని జాబ్ షీటు రాసి సంతకం పెట్టమన్నారు, పెట్టాను. పెట్టె ఎప్పుడో పారేశాను. ఆ ఏడాదే ఆగస్టులో నాన్నగారు కాలం చేశారు. ఆయన చివరి కోరిక తీర్చలేకపోయానన్న బాధ నన్ను వదలడం లేదు. కంపెనీకి ఈమెయిళ్లు పంపుతూనే ఉన్నాను. తెలిసిన మెకానిక్ ఒకరు ప్లేయర్ విప్పి వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే పాడుతుందంటున్నారు. అలా చేయించి ఆ ఖర్చు కూడా కలిపి కేసు వేయవచ్చా? చీటింగ్ కేసు పెట్టవచ్చా? (లేఖ తేదీ: 2025 అక్టోబరు 14)

జవాబు: మీ లేఖలో ఈ కేసును తేల్చే వాక్యం ఒక్కటే: కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తెర మీద 1970 జనవరి 1 కనిపిస్తోందన్నది. మిగతాదంతా మీకు ఎంత ముఖ్యమైనదైనా, ఈ వాక్యం వెనుక ఉన్న కారణం ఎవరిదో తేలిన తర్వాతే వినియోగదారుల కమిషన్ దాని జోలికి వెళుతుంది.

ఇటువంటి పరికరాల్లోని గడియారం సమయాన్ని పూర్తిగా కోల్పోయినప్పుడు సున్నా నుంచి లెక్క మొదలుపెడుతుంది. ఆ సున్నా అంటే గ్రీన్‌విచ్ కాలమానంలో 1970 జనవరి 1 అర్ధరాత్రి, మన కాలమానంలో ఉదయం 5:30. నేడు ఆన్‌లైన్ ఆడియో చాలావరకు హెచ్‌టీటీపీఎస్ (భద్రమైన సంబంధం ద్వారా సమాచారం పంపే) చిరునామాల నుంచే వస్తుంది. అక్కడి సర్వర్ తన గుర్తింపుగా ఒక డిజిటల్ సర్టిఫికెట్ చూపుతుంది, ఆ సర్టిఫికెట్‌కు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని చెల్లుబాటు ఉంటుంది. తాను 1970లో ఉన్నానని నమ్ముతున్న ప్లేయర్‌కు ఆ సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రానిదిగా కనిపించి, అది సంబంధం తెంచుకుంటుంది. పెన్ డ్రైవ్‌కు ఈ తనిఖీ ఏదీ ఉండదు కనుక ఆ పాటలు వస్తాయి. మీ ఇబ్బందికి కారణం చాలావరకు ఇదే కావచ్చు. అయితే ‘కావచ్చు’ అన్నదాని మీద ఏ కమిషనూ తీర్పు ఇవ్వదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(10) ‘లోపం’ అన్నదానిని నిర్వచిస్తూ, చట్టం ప్రకారమో ఒప్పందం ప్రకారమో ఉండవలసిన ప్రమాణం మాత్రమే కాకుండా, వ్యాపారి ఏ రూపంలోనైనా ఉందని చెప్పుకున్న ప్రమాణం లేకపోయినా అది లోపమేనని అంటుంది. కనుక మీరు నిరూపించవలసినవి రెండు. ఆన్‌లైన్ ఆడియో పాడుతుందని వారు చెప్పారన్నది మొదటిది. పాడకపోవడానికి కారణం ప్లేయర్‌లోనే ఉందని, మీ ఇంటి రూటరులోనో మీరు వినదలచిన వెబ్‌సైటులోనో లేదన్నది రెండవది. ఎదుటి పక్షం న్యాయవాది పట్టుకునేది ఈ రెండవదాన్నే.

అందువల్ల న్యాయవాది దగ్గరికి వెళ్లేముందు ఇంట్లో ఒక పరీక్ష చేయండి, దాన్ని మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా వీడియో తీయండి. ప్లేయర్ వెనుకనున్న సీరియల్ నంబరును ముందుగా చూపించండి. ఇంటి వైఫైలో ఒక ఆన్‌లైన్ ఫైలు పెట్టి, ఆగిపోవడం, తెర మీది తేదీ రెండూ కనిపించేలా తీయండి. అదే వైఫైలో అదే ఫైలు ఫోనులో వస్తోందని చూపించండి. తర్వాత ఇంటి వైఫై తీసేసి, ప్లేయర్‌ను ఫోను హాట్‌స్పాట్‌కు కలిపి మళ్లీ ప్రయత్నించండి. ఆపైన మెనూలో తేదీ, సమయం చేతితో సరిచేసి, కనీసం రెండు వేర్వేరు వెబ్‌సైట్ల నుంచి ఫైళ్లు పెట్టి చూడండి. చివరగా ప్లగ్ తీసి, కొద్దిసేపటి తర్వాత పెట్టి, తేదీ మళ్లీ 1970కి వెళ్లిందేమో చూపించండి.

హాట్‌స్పాట్ మీద ప్లేయర్ తనంతట తాను సమయం సరిచేసుకుని పాడితే, తప్పు మీ రూటరుదో ఇంటర్నెట్ కనెక్షనుదో అవుతుంది. ఇంటర్నెట్ నుంచి సమయం తెచ్చుకునే దారిని అవి మూసివేసి ఉండవచ్చు. అప్పుడు మీకు కేసు లేదు, వేయకండి. చేతితో సమయం సరిచేస్తే పాడి, ప్లగ్ తీసి పెట్టగానే హాట్‌స్పాట్ మీద కూడా మళ్లీ 1970కి వెళ్లి మొరాయిస్తే, లోపం ప్లేయర్‌లోనే ఉందనడానికి ఇంతకంటే తేలిక సాక్ష్యం దొరకదు. సమయం సరిగా ఉన్నా ఏ వెబ్‌సైటు నుంచీ పాడకపోతే, దాని సాఫ్ట్‌వేర్ పాతబడి నేటి సర్టిఫికెట్లను గుర్తించడం లేదనో, ఆ ఆడియో ఫార్మాట్లను చదవలేకపోతోందనో అనుకోవాలి. అప్పుడు పెట్టె మీది మాటే మీకు ఆధారం. ఒకే ఒక్క వెబ్‌సైటు రాకపోతే మాత్రం కంపెనీని తప్పుపట్టడం కష్టం.

ఇక మీ అజాగ్రత్త గురించి చెప్పక తప్పదు. వ్యాపారి ఇచ్చిన మాట అచ్చయి ఉన్న పెట్టెను వారంటీ నడుస్తుండగానే పారేయడం ఒక తప్పు. అంతకంటే పెద్ద తప్పు ఆ జాబ్ షీట్ల మీద అభ్యంతరం రాయకుండా సంతకం పెట్టడం. ‘పనిచేస్తోంది’ అన్న మాట కింద మీ సంతకం ఉంటే, అది మీ మీద మీరే ఇచ్చిన సాక్ష్యం. ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను, ఆన్‌లైన్ ఆడియో పరీక్షించలేదు’ అని ఒక్క పంక్తి రాసి సంతకం చేసి ఉంటే ఈ చిక్కు ఉండేది కాదు. ఇప్పుడైనా సర్వీస్ సెంటరుకు ఈమెయిల్ రాసి, ఆ రెండుసార్లూ దేనితో పరీక్షించారో, పెన్ డ్రైవ్‌తోనా ఆన్‌లైన్ ఫైలుతోనా, లిఖితపూర్వకంగా చెప్పమని అడగండి. వారు జవాబివ్వకపోయినా, మీరు అడిగారన్న ఆధారం మిగులుతుంది. పెట్టె పోయినా కంపెనీ వెబ్‌సైటులోని ఆ మోడల్ పేజీ, యూజర్ మాన్యువల్, బిల్లులో రాసిన వివరం, దుకాణాల్లో దొరికితే అదే మోడల్ పెట్టె ఫొటో, వీటన్నిటినీ ఈ వారమే సేకరించి దాచండి. కంపెనీ ఆ పేజీని ఎప్పుడైనా తీసేయవచ్చు.

ఆ మెకానిక్‌ను ప్లేయర్ దగ్గరికి కూడా రానివ్వకండి. చట్టంలోని సెక్షన్ 38(2)(సి) ప్రకారం, పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే కమిషన్ మీ ప్లేయర్‌ను తగిన ప్రయోగశాలకు పంపుతుంది. స్క్రూ మీది సీలు చిరిగి, కంపెనీ ఎక్కించిన సాఫ్ట్‌వేర్ స్థానంలో వేరొకటి ఉన్న ప్లేయర్ అక్కడికి వెళితే, ప్రయోగశాల పరీక్షించేది మీ మెకానిక్ పనితనాన్ని తప్ప కంపెనీ అమ్మిన వస్తువును కాదు. లోపం ముందునుంచీ ఉందా, విప్పిన తర్వాత వచ్చిందా అన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు. పాడినా కేసు పోతుంది, పాడకపోయినా పోతుంది. కంపెనీ పంపిన అప్‌డేట్ ఏదైనా ఉన్నా, పైన చెప్పిన వీడియో పూర్తయ్యేదాకా దాన్నీ ఎక్కించవద్దు, ఫ్యాక్టరీ రీసెట్ కూడా చేయవద్దు.

అన్నిటికంటే తొందరైన విషయం గడువు. సెక్షన్ 69 ప్రకారం, వ్యాజ్య కారణం (కేసు వేసే హక్కు కలిగించిన సంగతి) ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు వేయాలి. మొదటి రోజు నుంచీ పాడలేదని మీరే రాశారు కనుక, ఎదుటి పక్షం 2023 నవంబరు 10 నుంచే లెక్కిస్తుంది. సర్వీస్ సెంటరు నిరాకరించిన తేదీ నుంచి లెక్కించాలని మనం వాదించవచ్చు గాని, ఆ వాదన అవసరం రాకుండా చూసుకోవడమే మంచిది. కొన్న రోజును కూడా కలిపి లెక్కిస్తే మీకు ఉన్నది నవంబరు 9 దాకా, అది కూడా ఆదివారం. కనుక 7వ తేదీ శుక్రవారం లోపల దాఖలు చేయండి. కంపెనీకి ఈమెయిళ్లు రాస్తూ ఉంటే గడువు పెరుగుతుందన్నది చాలామందిలో ఉన్న అపోహ. ఉత్తరప్రత్యుత్తరాలతో గడువు పెరగదు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం సెక్షన్ 69(2) కింద కమిషన్‌కు ఉంది. తండ్రిగారి అనారోగ్యం, మరణం అప్పుడు చెప్పుకోదగిన కారణాలే. కానీ ఆయన పోయింది 2024 ఆగస్టులో. ఆ తర్వాతి నెలలన్నిటికీ ఏం చెబుతారు?

చీటింగ్ కేసు ఆలోచన మానుకోండి. అమ్మిననాడే మోసపు ఉద్దేశం ఉందని చూపకుండా అది నిలవదు, ఈలోగా గడువు కాస్తా అయిపోతుంది.

ఫిర్యాదును హైదరాబాదులోనే వేయనక్కరలేదు. ఫిర్యాదీ నివసించే చోటి జిల్లా కమిషన్‌లో వేసే వీలును సెక్షన్ 34 కల్పించింది. చెల్లించిన ధర రూ. 5 లక్షల లోపు కనుక ఫీజు లేదు. వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఉన్న ప్రభుత్వ ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. దుకాణాన్ని, తయారీ కంపెనీని, సర్వీస్ సెంటరును ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. ఇంటి వాడకానికే కొన్నానని స్పష్టంగా రాయండి. లీగల్ నోటీసు తప్పనిసరి కాదు. ఇవ్వదలిస్తే నేడే పంపండి, జవాబు కోసం మాత్రం ఆగకండి. సాక్ష్య నిబంధనలను కమిషన్లు సివిల్ కోర్టులంత కచ్చితంగా పాటించకపోయినా, వీడియోకు, ఈమెయిళ్లకు భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయండి. అందులో ఒక భాగాన్ని మీరు, మరో భాగాన్ని నిపుణుడు నింపాలి, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెలు, అక్షరాల వరుస) కూడా రాయాలి. వీడియో తీసిన ఫోనును అమ్మవద్దు, అసలు ఫైలును తొలగించవద్దు.

లోపం సరిచేయడం, లేదా కొత్తది ఇవ్వడం, లేదా ధరను వడ్డీతో తిరిగివ్వడం, దానితోపాటు పరిహారం, ఖర్చులు కోరండి. నాన్నగారి గురించి మీరు రాసినదంతా పరిహారపు పేరాలో, అఫిడవిట్‌లో, తేదీలతో చోటు చేసుకోవాలి. ప్రయోగశాల పరీక్షకు దరఖాస్తును ఫిర్యాదుతోనే వేసి, దాని ఫీజు మీరు కట్టవలసి రావచ్చు కనుక ఆ డబ్బు సిద్ధంగా ఉంచుకోండి. ప్లేయర్‌ను సీలు చెడకుండా గుడ్డ సంచిలో పెట్టి, కమిషన్ అడిగేదాకా ఎవరికీ ఇవ్వకండి.