విజయవాడలో ఒక్కరోజు వీడియో షూట్: ముందుగా ఏం చూసుకోవాలి?

ఐదుగురు, ఒక కెమెరా, బ్యారేజీ, ఉండవల్లి గుహలు, భవానీ ద్వీపం, అన్నీ ఒక్కరోజులో అవుతాయా అని అడిగారు. నన్నడిగితే ద్వీపం వదిలేయండి. పడవ కోసం ఎదురుచూడ్డానికే సగం పూట పోతుంది, పైగా కృష్ణకు వరదొస్తే పడవలు ఆపేస్తారు.

ఉండవల్లి గుహలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. ఫోన్‌తో ఫొటోలు వేరు, ట్రైపాడ్ పెట్టి షూటింగ్ వేరు. దానికి ముందే అనుమతి తీసుకోండి, కాగితం ప్రింట్ తీసి చేతిలో ఉంచుకోండి. డ్రోన్ ఉంటే, ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూడాలి.

వేళలే అసలు సంగతి. పొద్దున్నే గుహలు, సాయంత్రం ప్రకాశం బ్యారేజీ. సూర్యుడు ఎగువ నీళ్ల వైపే దిగుతాడు కాబట్టి గంట ముందే చేరండి. 1957లో పూర్తయిన ఈ బ్యారేజీ మీద రోడ్డు ఇరుకు, బండి ఆపితే వెనక హారన్ల మోతే! సామాన్లు దించేసి డ్రైవర్‌ను పంపించేయండి. గాలికి మైకులో బుస్సుమనే శబ్దం తప్ప ఏమీ వినపడదు, బొచ్చు కవర్ మర్చిపోవద్దు. మేం ఒకసారి చేతిరుమాలు చుట్టి చూశాం, పనికిరాలేదు.

మే నెలైతే మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఏమీ పెట్టుకోకండి. భోజనం, బ్యాటరీల ఛార్జింగ్, అంతే.