ఎండుచేపల బేరానికి అప్పు చేయబోతున్న అమ్మడికి

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ ఫోన్ చేసి నీ సంగతి చెప్పింది. జువ్వలదిన్నె వైపు ఎండుచేపలు కొని కలిగిరి, వింజమూరు, ఉదయగిరి వైపు ఊళ్ళల్లో అమ్ముకుంటున్న నీ బేరం నిలదొక్కుకుందంట. సరుకు ఇంకొంచెం ఎక్కువ వేసుకోవడానికి అప్పు చూస్తున్నావంట. చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్సు కంపెనీ మనిషి ఇంటికొచ్చి 40,000 ఇస్తామని చెప్పిపోయాడంట. "తీసుకోమంటావా వద్దంటావా అక్కా" అని అడిగింది. ఒక్క మాటలో తేలేది కాదు కాబట్టి రాస్తున్నా.

అప్పు తీసుకో. అందులో తప్పేం లేదు. ఎంత, ఎవరి దగ్గర, ఎప్పుడు అన్నదే తేల్చుకోవాలి.

చేతిలో డబ్బు లేకపోతే మన బేరం ఎట్టా ఉంటుందో నీకు తెలుసు. షావుకారు దగ్గర అరువుకు తీసుకుంటే నెత్తళ్ళు ఆయన చెప్పిన రేటే, ఆయన ఇచ్చిన కుప్పే. ఇసక కలిసినా, తడి ఆరకపోయినా నోరెత్తలేవు. అదే రొక్కం పట్టుకుని పోతే కుప్పలో చెయ్యి పెట్టి, వేళ్ళతో నలిపి, వాసన చూసి, నచ్చింది ఎంచుకుంటావు. చిన్న అప్పు బేరానికి చేసే అసలు మేలు ఇదేనమ్మా. కొనే దగ్గర మన మాటకు విలువ తెస్తుంది. పొదుపు గ్రూపుల సమాఖ్యలో పనిచేసినన్నాళ్ళూ కూరగాయల వాళ్ళని, టైలర్లని, చీరల మూట మోసుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళని చూశాను. బాగుపడిన వాళ్ళలో ఎక్కువమంది అప్పు డబ్బుతో ముందు ఈ అరువు సరుకు నుంచి బయటపడ్డవాళ్ళే.

ఇక ఎంత అన్నది. నీ డబ్బు నెలకు ఎన్నిసార్లు తిరుగుతోందో ముందు చూసుకో. 10,000 పెట్టి సరుకు తెచ్చావనుకో. ఆటో బాడుగ, ఆశీలు, తరుగు పోను 11,200 చేతికొచ్చిందనుకో. అదే డబ్బు నెలలో మూడుసార్లు తిరిగితే మిగిలేది 3,600. ఒక్కసారే తిరిగితే 1,200. వడ్డీ మాత్రం రెండింటికీ ఒకటే. ఒక విడతలో నువ్వు అమ్మగలిగేది 15,000 సరుకైతే, 40,000 తీసుకుని మిగతా 25,000 ఏం చేస్తావు? బీరువాలో ఉండదు. పిల్లాడి ఫీజుకో, అల్లుడి బండి రిపేరుకో, ఎవరింట్లోనో పెళ్ళి చదివింపులకో కరిగిపోతుంది. కంతు మాత్రం మొత్తం 40,000 మీదే కట్టాలి. ఇస్తామన్నంత తీసుకోవద్దు. మీ అమ్మకు కూడా ఇదే చెప్పాను.

అయితే ఎండుచేపల్లో ఒక సమయానికి పెద్ద మొత్తమే కావాల్సి వస్తుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మన తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో పచ్చి చేప తగ్గుతుంది, ఎండుచేపకు గిరాకీ పెరుగుతుంది. ఫిబ్రవరి, మార్చిలో ఎండ బాగుండి సరుకు గట్టిగా ఎండినప్పుడు కొని పెట్టుకుంటే నిషేధంలో అమ్ముకోవచ్చు. ఆ నాలుగు నెలల కోసం పొట్టి అప్పు తీసుకుని జూన్ ఆఖరుకు తీర్చేస్తే అది మంచి అప్పు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం జాగ్రత్త. ఈశాన్య రుతుపవనాల వానలు మన నెల్లూరు మీదే పడతాయి, చేప ఆరదు, బూజు పడుతుంది, సంతకు జనం రారు. ఆ నెలల కంతుల డబ్బు సెప్టెంబరు లోపే వేరే తీసిపెట్టాలి. అట్టా తీసిపెట్టలేనంత కంతు వస్తుందంటే అప్పు ఎక్కువైందన్నమాట.

ఇప్పుడు ఎవరి దగ్గర అన్న సంగతి. సంతలో తిరిగే రోజువారీ ఫైనాన్సు వాళ్ళ జోలికి పోవద్దు. 10,000 రాసుకుని 9,000 చేతిలో పెడతారు, రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేస్తారు. వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ అసలు మొదటి రోజు నుంచే తగ్గుతూ వస్తోంది. లెక్క కడితే ఏడాదికి నూటికి 75కు పైమాటే. మైక్రోఫైనాన్సు మనిషి 12 శాతం ఫ్లాటు అన్నాడంటే అదీ అడిగి చూడు. 40,000కు ఏడాదికి 4,800 వడ్డీ కలిపి, నెలకు 3,733 చొప్పున 12 కంతులు. నువ్వు నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం ఆఖరిదాకా 40,000 మీదే వేశారు. తగ్గే అసలు మీద లెక్కేస్తే అది 21 శాతం దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్సు కోత పోను చేతికి ఎంత వస్తుందో కూడా అడుగు.

నా మాట వింటే ముందు మీ పొదుపు గ్రూపులో అడుగు. ఈ గ్రూపులు ఊరికే వచ్చినవి కావమ్మా. 1992లో మన జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడిని ఊర్లోంచి తరిమారు. ఆ నిప్పు జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగలడం మొదలయ్యాక మన జిల్లాలో ఆడవాళ్ళు రోజుకో రూపాయి దాచుకున్నారు. పొదుపు లక్ష్మి అని పేరు. అప్పు కంటే ముందు పొదుపు పుట్టింది మన దగ్గర. అందుకే అవి నిలబడ్డాయని నా నమ్మకం. క్రమంగా సమావేశం, క్రమంగా పొదుపు, లోపల అప్పులిచ్చుకోవడం, సకాలంలో వాయిదా, పుస్తకాలు సరిగ్గా రాయడం, ఈ పంచసూత్రాలు తప్పిన గ్రూపుకు బ్యాంకు మేనేజరు కుర్చీ కూడా చూపించడు. పాటించే గ్రూపుకు 10 లక్షల వరకు పూచీకత్తు లేకుండా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. బ్యాంకు ఆలస్యం చేస్తే గ్రామ సమాఖ్య ద్వారా గ్రూపులకు అప్పులిచ్చే స్త్రీనిధి సంస్థ ఉంది.

నువ్వు నిషేధం సరుకుకు అడిగే పొట్టి అప్పుకు గ్రూపు లోపలి డబ్బే సరిపోతుంది. ఆ వడ్డీ కూడా మళ్ళీ గ్రూపుకే వస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. నీ పక్కన కూర్చున్న పదిమందిలో ఒకామెకు వింజమూరులో ఏ అంగడి వాడు బాకీ ఎగ్గొడతాడో తెలుసు, ఇంకొకామెకు ఏ ఆటో బాడుగ తక్కువో తెలుసు. ఆ కబురు ఏ ఫైనాన్సు కంపెనీ ఇవ్వదు.

గ్రూపులో చాలకపోతే చిన్న బేరాలకు బ్యాంకులిచ్చే ముద్ర లోను ఉంది. 2015 ఏప్రిల్‌లో మొదలైన పథకం. అందులో శిశు విభాగం కింద 50,000 వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, తిండి సరుకు అమ్మేవాళ్ళకు కావాల్సిన ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్‌కు ఏడాదికి 100 రూపాయలే. ఈ కాగితాలు చేయిస్తామని వేలు అడిగే మధ్యమనిషికి ఒక్క రూపాయి ఇవ్వొద్దు. నెల్లూరు, కావలి లాంటి పట్నంలో రోడ్డు పక్కన అమ్మేవాళ్ళకు స్వనిధి అని వేరే లోను ఉంది. మీ ఆడబిడ్డ పులిబొంగరాల బండికి అది పనికొస్తుంది, మునిసిపాలిటీలో కనుక్కోమను.

మైక్రోఫైనాన్సు వాళ్ళందరూ చెడ్డవాళ్ళని నేననను. బ్యాంకు గడప తొక్కలేని వాళ్ళకు వాళ్ళే దిక్కైన రోజులున్నాయి. కానీ 2010లో మన రాష్ట్రంలో ఏం జరిగిందో చూసినదాన్ని. ఒకే ఇంటికి మూడు నాలుగు కంపెనీలు అప్పులిచ్చాయి, ఒకరి కంతుకు ఇంకొకరి దగ్గర తెచ్చుకున్నారు, వసూలు వాళ్ళు గడపల్లో కూర్చున్నారు, ప్రాణాలు తీసుకున్న ఆడవాళ్ళున్నారు. ఆ అక్టోబరులో ఆ కంపెనీలను అదుపు చెయ్యడానికి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆ తల్లుల ముఖాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు తరుక్కుపోతుంది.

అందుకని నీ హక్కులు నీకు తెలిసి ఉండాలి. 2022లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధనల ప్రకారం ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న ఇంటికిచ్చే ఈ అప్పులకు తాకట్టు అడగకూడదు. ఇంటి మీదున్న అన్ని అప్పుల కంతులూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. వడ్డీ, ఫీజు అన్నీ ఉన్న కాగితం నీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ముందే తీర్చేస్తే జరిమానా లేదు. ఉదయం 9 లోపు, సాయంత్రం 6 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదు. నా లెక్కలో సగం కూడా ఎక్కువే. మన బేరాల్లో వచ్చేది నెలనెలా ఒకే తీరుగా ఉండదు, మూడో వంతు దాటనివ్వొద్దు.

ఇంకో సంగతి. హైదరాబాదు బస్తీల్లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్ళు ఈ చిన్న అప్పుల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసి 2015లో అచ్చు వేశారు. అప్పటికే బేరం చేస్తున్న వాళ్ళకు అప్పు కొంత కలిసొచ్చింది, అదీ బాగా నడిచే బేరాలకే ఎక్కువ. ఇంటి ఖర్చులు, పిల్లల చదువులు పెద్దగా మారలేదు. నేను ఊర్లో చూసిందీ అదే. నీకు బేరం ఉంది, వాడుక ఖాతాదారులున్నారు, కాబట్టి నీకు ధైర్యంగా తీసుకోమంటున్నా. మీ పక్కింటి పిల్ల ఇంకా ఏం అమ్మాలో తేల్చుకోకుండానే లోను అడుగుతోందంట. ఆ పిల్లను ముందు కొన్ని సంతలు నీ వెంట తిప్పు.

లెక్కకు రెండు సంచులు పెట్టుకో. సరుకు డబ్బు ఒకదాంట్లో, ఇంటి డబ్బు ఒకదాంట్లో. సంత నుంచి రాగానే ఏ ఊర్లో ఎవరికి ఎంత అరువిచ్చావో ఆ రాత్రే రాయి. అరువు 2,000 దాటిన అంగడికి పాత బాకీ వచ్చేదాకా కొత్త సరుకు దించొద్దు. నీ పేరు మీద ఇంకొకరికి లోను తీసివ్వమని ఎవరడిగినా, మీ గ్రూపు లీడరే అడిగినా, కాదని చెప్పు. వాళ్ళు కట్టకపోతే, ఎవరు అప్పు ఎట్టా తీర్చారో రాసిపెట్టే సిబిల్లో చెడేది నీ పేరే.

వచ్చే మీటింగుకు మినిట్స్ పుస్తకంలో నీ అప్పు అర్జీ రాయించు. సరుకుకు 15,000, నాలుగు కంతులు, జూన్ ఆఖరుకు పూర్తి అని స్పష్టంగా రాయించు. ఆ కంపెనీ మనిషి మళ్ళీ వస్తే కాగితం ఇచ్చి వెళ్ళమను, సంతకం పెట్టొద్దు. దాన్ని ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు, లెక్క చూసి చెప్తాను.

అల్లుడికి, పిల్లలకు నా ఆశీస్సులు.

మీ పెద్దమ్మ