పైన మాడి, లోపల పచ్చి

ప్రశ్న: మా అబ్బాయి జిమ్‌లో చేరిన దగ్గర్నుంచీ కూర ముట్టడం లేదు. చికెన్ బ్రెస్ట్ పీస్ పెనం మీద కాల్చి పెట్టమంటాడు. పైన మాడిపోతుంది, కోసి చూస్తే మధ్యలో పచ్చి. మళ్లీ పెనం మీద పెడితే చెప్పు తోలే! ఏం చేయమంటారు అక్కయ్యగారూ?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: ఇందులో మీ చేతి తప్పేం లేదమ్మా, ముక్క తీరే అంత. ఒక పక్క రెండు వేళ్ల మందం, రెండో కొస పల్చన. మందం ఉడికేలోపు ఆ కొస ఎండిపోతుంది. చికెన్ కొట్లోనే అడ్డంగా రెండు పలకలుగా చీల్చి ఇమ్మనండి. ఇంట్లో అయితే ప్లాస్టిక్ కవర్ కింద పెట్టి, మందంగా ఉన్నచోట చపాతీ కర్రతో నాలుగు దెబ్బలు వేయండి. అరకిలోకి చిన్న చెంచాడు ఉప్పు, కాస్త పసుపు పట్టించి అరగంట ఉంచాలి. తర్వాత తడి లేకుండా అద్దేయండి. తడి ఉంటే ముక్క వేగదు, ఉడుకుతుంది.

కారం మాత్రం అప్పుడే వద్దు. గుంటూరు దాన్ని, నాకా మాట చెప్పడమే కష్టం! బ్రాడీపేటలో ఉన్నప్పుడు మొదటిసారి రెండు చెంచాల కారం దట్టించి పెనం మీద వేశాను. ఇల్లంతా దగ్గులు, పక్కింటావిడ తలుపు కొట్టింది. ముక్క నల్లగా, చేదుగా. వేడి పెనం మీద కారం క్షణాల్లో మాడుతుందని అప్పుడు తెలిసింది.

పెనం బాగా కాలాక చెంచా నూనె వేసి, మధ్యస్థం మంట మీద ముక్క పరవండి. నాలుగు నిమిషాలు కదపొద్దు, వేగితే అదే పెనాన్ని వదులుతుంది. తిప్పి ఇంకో మూడు, నాలుగు నిమిషాలు. వంట థర్మామీటర్ ఉంటే మధ్యలో గుచ్చండి, 74 డిగ్రీల సెల్సియస్ చాలు. లేకపోతే మందమైన చోట కోసి చూడండి, ఎక్కడా గులాబీ రంగు ఉండకూడదు. స్టవ్ కట్టేశాక వెన్న, దంచిన వెల్లుల్లి, అరచెంచా కారం వేసి ముక్కల్ని దొర్లించండి. ఐదు నిమిషాలాగి కోయండి.

"ఇంకాస్త ఉడకనీ" అనే మన అలవాటు లెగ్ పీస్‌కి సరే. దానిలో జిగురు కరిగి మెత్తబడుతుంది. బ్రెస్ట్‌లో అదీ తక్కువే, కొవ్వూ తక్కువే. ఎంత ఉడికిస్తే అంత పీచు.

ఇప్పటికే తోలైపోయినవి ఫ్రిజ్‌లో ఉన్నాయా? సన్నగా చీల్చి ఉల్లిపాయ, కరివేపాకుతో వేయించి అన్నంలో కలిపేయండి. అవి నిన్నటివని అబ్బాయికి చెప్పకండి.