తోలు పనివాళ్ళను కలిపే పని కూడా ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది ధర్మవరం మండలం. తాతల కాలం నుంచి తోలుబొమ్మలే మాకు ఆధారం. ఆటలు తగ్గాక ల్యాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేసి బతుకుతున్నాం. మా అమ్మాయి అనంతపురంలో బీకాం పూర్తి చేసింది. బ్యాంకు కోచింగ్‌కు పంపుదామంటే వద్దంటోంది. మా ఊళ్ళోవాళ్ళనూ, చుట్టుపక్కల చెప్పులు, బ్యాగులు కుట్టేవాళ్ళనూ ఆన్‌లైన్‌లో కలిపి, అందరి సరుకుకూ తనే ప్రచారం చేస్తుందట. ఇది ఉద్యోగమా, కాలక్షేపమా? ఎంతకాలం చూడమంటారు? (ఒక తండ్రి)

జవాబు: అన్నా, అది ఉద్యోగమే. పెద్ద ఊళ్ళల్లో కంపెనీలు ఇదే పనికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకుంటాయి. కమ్యూనిటీ మేనేజర్ అనో, మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్ అనో పేరు పెడతారు. మీ అమ్మాయికి జీతమిచ్చే కంపెనీ లేదు, అదొక్కటే తేడా. కానీ అది చిన్న తేడా కాదు. అందుకే నేను రెండు షరతులు పెడతాను. ఆ గ్రూపు ముందు పనివాళ్ళకు పనికిరావాలి, కొనేవాళ్ళ సంగతి తర్వాత. ఇక ఆమె శ్రమకు ఎంత తీసుకుంటుందో మొదటి రోజే అందరి ముందూ చెప్పి, కాగితం మీద రాసుకోవాలి. ఈ రెండూ లేకపోతే ఏడాది తిరిగేసరికి ఊరందరికీ ఊరికే ఫోటోలు తీసిపెట్టే పిల్లగా మిగిలిపోతుంది.

మీ టెన్షన్ నాకు అర్థమవుతోంది. డిగ్రీ చదివిన పిల్ల మళ్ళీ తోలు దగ్గరికే వస్తానంటే ఏ తండ్రికైనా మనసు కలుక్కుమంటుంది. తోలు పనిచేసేవాళ్ళను మన ఊళ్ళు ఎట్లా చూశాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. చెప్పులు కావాలి, కుట్టినవాడు మాత్రం గడప బయటే ఉండాలి. ఆ చిన్నచూపు ఇంకా పోలేదు. అది పోవడానికి ఒక దారి, సరుకుతోపాటు చేసినవాళ్ళ పేరు, ముఖం కూడా కొనేవాళ్ళ దాకా వెళ్ళడం. మీ మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిందని మీకు నాకంటే బాగా తెలుసు. ఒక్కరికి వచ్చిన ఆ పేరు వెనక పేరు రాని ఇళ్ళు ఎన్ని ఉన్నాయో కూడా మీకే తెలుసు. మీ అమ్మాయి చేస్తానంటున్న పని ఆ ఇళ్ళ కోసం. నాకైతే ఆ ఆలోచన చాలా నచ్చింది.

ఇక గ్రూపు సంగతి. పిల్లలు సాధారణంగా వాట్సాప్‌లో గ్రూపు తెరిచి, దొరికిన నంబర్లన్నీ చేర్చి, బొమ్మల ఫోటోలు పెడతారు. నెల తిరక్కుండానే అది గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల గ్రూపవుతుంది. పనివాడు రోజూ దాన్ని ఎందుకు తెరవాలి? అతనికి కావలసినవి వేరే ఉంటాయి. ఈ వారం మేకతోలు ఎక్కడ, ఎంతకు దొరుకుతోంది? బక్రీద్ తర్వాత తోళ్ళు ఎక్కువగా వచ్చినప్పుడు నలుగురం కలిసి కొంటే ఎంత మిగులుతుంది? ఫలానా రంగు ఆర్నెల్లకే వెలిసిపోతోంది, మీకూ అంతేనా? నాకు యాభై ల్యాంప్‌షేడ్ల ఆర్డరొచ్చింది, ఒక్కడి వల్ల కాదు, ఎవరు పంచుకుంటారు? సరుకు తీసుకుపోయిన వ్యాపారి డబ్బు నాన్చుతున్నాడు, మీరూ జాగ్రత్త. ఇలాంటి మాటలు నడిస్తే గ్రూపు దానంతటదే పెరుగుతుంది. ఎవరినీ బతిమాలి చేర్చాల్సిన పని ఉండదు.

అందరినీ ఒకే గుంపులో వేయవద్దని కూడా చెప్పండి. మీరు మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, లాగి బిగించి ఆరబెడతారు, పదును (టానింగ్) చేయరు. అందుకే దానిలోంచి వెలుగు అవతలికి కనిపిస్తుంది. చెప్పులు, బ్యాగులు కుట్టేవాళ్ళకు పదును చేసిన తోలు కావాలి. తంగేడు చెక్క, కరక్కాయ వేసి పదును చేసిన తోలు ఒక తీరుగా ఉంటుంది, క్రోమియం రసాయనంతో పదును చేసిన క్రోమ్ తోలు ఇంకో తీరుగా ఉంటుంది. వాళ్ళ మాటలు తోలుకు చిల్లు పెట్టే ఆరె గురించి, దారం గురించి, అట్ట గురించి. మీ మాటలు ఉలి గురించి, రంగు గురించి. వాట్సాప్‌లోనే కమ్యూనిటీ అనే సదుపాయం ఉంది. దాని కింద బొమ్మలవాళ్ళకు ఒక గ్రూపు, చెప్పులు బ్యాగులవాళ్ళకు ఇంకొకటి పెట్టి, పథకాలూ ప్రదర్శనల కబుర్లూ అందరికీ ఒకేసారి పంపవచ్చు. చదవడం రానివాళ్ళు వాయిస్ మెసేజ్‌లు పెడతారు. విసుక్కోకుండా విని, జవాబు కూడా వాయిస్‌లోనే ఇవ్వాలి. ఇంకో సంగతి, చాలా ఇళ్ళల్లో రంగులు వేసేదీ చిల్లులు కొట్టేదీ ఆడవాళ్ళు, ఫోను మాత్రం మగవాళ్ళ జేబులో ఉంటుంది. ఆడవాళ్ళ నంబర్లు విడిగా చేర్చమనండి. ఆ ఇళ్ళకు ఆడపిల్లగా మీ అమ్మాయి వెళ్ళగలదు, నాలాంటివాడు వెళ్ళలేడు.

ఫోటోల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఆన్‌లైన్‌లో సరుకును చేత్తో ముట్టి చూసేవాళ్ళు ఉండరు. ల్యాంప్‌షేడును మిట్టమధ్యాహ్నం గోడకానించి ఫోటో తీస్తే రంగు కాగితం ముక్కలా కనిపిస్తుంది. పొద్దు వాలాక, లోపల బల్బు వేసి, గదిలో మిగతా లైట్లు ఆపి తీయమనండి. అప్పుడు హనుమంతుడి కిరీటానికి, నగలకు కొట్టిన చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా బయటికి వస్తుంది. ఎరుపూ ఆకుపచ్చా తోలు లోపలి నుంచే పుట్టినట్టు ఉంటాయి. తోలుబొమ్మ పుట్టిందే తెర వెనక దీపం కోసం కదా, దాన్ని అలాగే చూపించాలి. రెండో ఫోటో బాగా దగ్గరగా, ఒక్క చిల్లుల వరుస మాత్రమే కనబడేలా. మూడోది ఉలి పట్టుకున్న చెయ్యి, తోలు కింద పెట్టిన చెక్క. నాలుగోదాంట్లో పక్కన ఒక స్టీలు గ్లాసు పెడితే సైజు చెప్పకుండానే తెలుస్తుంది. ఫోటో కింద చేసినవాళ్ళ పేరు, ఏ తోలు, ఎన్ని రోజుల పని అన్నది రాయాలి. ఎల్ఈడీ బల్బే వాడాలని, తడి తగలనివ్వకూడదని, వానాకాలంలో తోలు కాస్త వంపు తిరగవచ్చని ముందే చెప్పేస్తే తర్వాత గొడవలు రావు. లోపం దాచి అమ్మినవాళ్ళకు రెండో ఆర్డరు రాదు.

చెప్పుల దగ్గర చిక్కు వేరు, సైజు కుదరక వాపసు వస్తాయి. కొనేవాళ్ళను కాగితం మీద పాదం పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి, కొలతలతో ఫోటో పంపమంటే చాలావరకు తప్పుతుంది. మొదట్లో ఆ బెడద లేని బెల్టులు, పర్సులు, తాళంచెవి గొలుసులతో మొదలుపెట్టడం మంచిది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. వెనకటి రోజుల్లో దేవుళ్ళ పాత్రలకు జింకతోలు వాడేవాళ్ళు. అలాంటి బొమ్మలు మీ ఇంట్లోనో, చుట్టాల ఇంట్లోనో పాత పెట్టెల్లో ఉండవచ్చు. ‘తాతలనాటి బొమ్మ’ అని ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే లైకులు బాగా వస్తాయి, ఎవరో ఒకరు ధర కూడా అడుగుతారు. జింకతోలు అమ్మకం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అమ్మకానికి పెట్టడం, కొరియర్ చేయడం, బేరమాడడం, ఏదీ వద్దు. గ్రూపులో మొదటి నియమంగా ఇది రాయమనండి. ఒక్క ఇంటిమీద కేసు పడితే మేకతోలుతో నిజాయితీగా చేసుకునే ఇళ్ళన్నిటికీ మచ్చ.

బీకాం చదువు పనికొచ్చేది కాగితాల దగ్గర. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మల కళకు 2008లోనే భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, వచ్చింది. అయితే ఆ గుర్తు వేసుకుని అమ్మాలంటే చేసేవాళ్ళు ఎవరికి వారు చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారులుగా పేరు నమోదు చేసుకోవాలి. కేంద్ర హస్తకళల శాఖ చేతిపనివాళ్ళకు ఇచ్చే గుర్తింపు కార్డు, పెహచాన్ కార్డు ఉంటే ప్రభుత్వ ప్రదర్శనల్లో స్టాలుకు దరఖాస్తు చేయడం తేలిక. చెప్పులు కుట్టేవాళ్ళకు 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం ఉంది. దాంట్లో శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తారు. పూచీకత్తు లేకుండా 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది కట్టాక 2 లక్షల దాకా అప్పు దొరుకుతుంది. ఈ దరఖాస్తులు నింపిపెట్టే మనిషి లేకనే చాలామంది ఆగిపోతున్నారు. గ్రూపు మీద నమ్మకం మొదట కుదిరేది అమ్మకాలతో కాదు, ఇలాంటి పనులతోనే. ఒక పెద్దాయనకు కార్డు చేతికొస్తే ఆయన వీధి మొత్తం చేరుతుంది.

మీకు మంచి సంత కూడా దగ్గర్లోనే ఉంది. లేపాక్షికి, పుట్టపర్తికి వచ్చేవాళ్ళు ఉన్నారు, రైలెక్కితే బెంగళూరు. అక్కడ హోటళ్ళకు, కొత్త ఇళ్ళకు లోపలి అలంకరణ చేసేవాళ్ళు ల్యాంపులు ఒక్కటిగా కాదు, పదీ ఇరవై తీసుకుంటారు. వెయ్యిమంది ఫాలోయర్ల కంటే అలాంటి నలుగురి నంబర్లు విలువైనవి. రీల్స్ చేయనివ్వండి, కానీ వారంలో ఒక రోజు ఫోన్లు చేయడానికే కేటాయించమనండి.

ఇప్పుడు డబ్బు. 2,000 రూపాయల ల్యాంపు అమ్మిపెట్టినందుకు 12 శాతం తీసుకుంటే ఆమెకు 240 వస్తాయి. నెలకు 12,000 రావాలంటే అలాంటివి 50 అమ్మాలి, అంటే లక్ష రూపాయల సరుకు. మొదటి ఆర్నెల్లలో అది జరగదు, మీరూ ఆశ పెట్టుకోవద్దు. ఈలోగా ఫోటోలకు, కేటలాగుకు, దరఖాస్తులకు ఇంతని విడిగా తీసుకోవడంలో తప్పేమీ లేదు. జీఎస్టీ, ట్యాలీ ఎలాగూ నేర్చుకోవాలి. అవి వస్తే ఊళ్ళో చిన్న దుకాణాల లెక్కలు రాసి కూడా కొంత సంపాదించుకోవచ్చు. పెద్ద వెబ్‌సైట్లలో అమ్మకానికి పెట్టేముందు జీఎస్టీ గురించి ఒక ఆడిటర్‌ను కలవమనండి.

మీరు అడగని ఒక మాట నేనే చెప్తాను, ఏమీ అనుకోవద్దు. ఈ పని చెడేది ఎక్కువగా సొంత ఇంటి వల్లే. వచ్చిన ఆర్డరు ముందు మీ ఇంటికి, మిగిలింది ఊరికి అన్నట్టు కనిపించిన రోజే మిగతావాళ్ళు జారుకుంటారు. వంతుల ప్రకారం ఎవరి బొమ్మ ఎప్పుడు పెట్టిందీ, ఏ ఆర్డరు ఎవరికి ఇచ్చిందీ, ఎంత కమిషను తీసుకుందీ నెలనెలా గ్రూపులో పెట్టాలి. మీ ఇంటి వంతు చివరికి వచ్చినా మీరు నోరు మెదపకూడదు. ఆమెకు మీరు చేయగల పెద్ద సాయం అదే.

ఎంతకాలం అంటే, ఒక ఏడాది. మూడు నెలలకు ఆమె అడక్కుండానే పనివాళ్ళు తమంతట తాము గ్రూపులో ప్రశ్నలు అడుగుతుండాలి. ఆర్నెల్లకు బంధువులు, స్నేహితులు కానివాళ్ళ నుంచి ఆర్డర్లు మొదలవ్వాలి. ఏడాదికి తన ఫోను, ప్రయాణం, చేతిఖర్చు తన సంపాదనతోనే గడవాలి. గడవకపోతే కూర్చుని మాట్లాడుకోండి. బ్యాంకు పరీక్షలు ఎక్కడికీ పోవు. ప్రభుత్వ బ్యాంకుల ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్‌లో క్లర్కు పోస్టుకు 28 ఏళ్ళు, ప్రొబేషనరీ ఆఫీసరు (పీఓ) పోస్టుకు 30 ఏళ్ళు వయోపరిమితి, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకు సడలింపు కూడా ఉంది. అయితే పొద్దున కోచింగ్, సాయంత్రం గ్రూపు అని రెండు పడవల మీద కాళ్ళు పెట్టించవద్దు. రెండు పనులూ మనిషిని పూర్తిగా అడుగుతాయి.

మొదలుపెట్టే ముందు జిల్లాలోని గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో చేరమనండి. బ్యాంకులు నడిపేవి ఇవి, శిక్షణ ఉచితం. సరుకు గురించి లోతుగా తెలియాలంటే చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ చిన్న కోర్సులు పెడుతుంటుంది. ఈ ఏడాది బాగా సాగి, పై చదువుల మీద ఆసక్తి పుడితే, ఏ డిగ్రీ ఉన్నా రాయగల ఫ్యాషన్ మేనేజ్‌మెంట్ పీజీ హైదరాబాద్‌లోని జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్‌లో ఉంది. గ్రామీణ మేనేజ్‌మెంట్‌కు గుజరాత్‌లోని ఆనంద్‌లో ఇర్మా ఉంది. అలాంటి చోట ఇంటర్వ్యూలో ఈ ఏడాది అనుభవమే ఆమెకు బలం. గ్రూపు నిలబడ్డాక పదిమంది పనివాళ్ళు కలిస్తే 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద సొసైటీగా నమోదు చేసుకోవచ్చు. దానికి ఇప్పుడే తొందర లేదు.

ఈ వారంలోనే చేయవలసింది ఒకటుంది. ఈ పని కోసమే ఆమె పేరు మీద విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరిపించండి. ఊరి సరుకు డబ్బు మీ ఇంటి ఖాతాలో పడితే ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుంది. పక్కింటి ల్యాంపు డబ్బుతో మీరు సరుకులు తెచ్చుకున్నారన్న మాట ఒక్కసారి పుడితే దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ ఖాతా కార్డు, ఫోన్‌పే పిన్ ఆమె దగ్గరే ఉండనివ్వండి.